రాష్ట్రమంతా ఒకే పేపర్ పెట్టే పరీక్షల వల్ల పిల్లలకు చదువు మీద ఆసక్తి పోతుందా?

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయి స్టేట్ సిలబస్ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడో తరగతి దాకా సైన్సు అంటే ప్రాణం పెట్టేది. ఇప్పుడు ఏం చెప్పబోయినా "ఇది ఎగ్జామ్‌కి వస్తుందా?" అని ముందే అడుగుతోంది, రాదంటే పుస్తకం మూసేస్తోంది. వచ్చే ఏడాది ఎస్సెస్సెల్సీ, అంటే కర్ణాటక పదో తరగతి బోర్డు పరీక్ష. ఈ బోర్డు పరీక్షల వల్లే పిల్ల ఇలా అయిందా, సీబీఎస్ఈకి మార్చాలా అని ఆవిడ అడుగుతున్నారు.

నేను ఈ ఊళ్ళోనే ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నాను. ఎస్సెస్సెల్సీ పేపర్లు దిద్దడానికి కూడా వెళ్తుంటాను. మా స్కూల్లో చాలామంది పిల్లల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే.

సూటిగా చెప్తానమ్మా. పరీక్ష ఒక్కటే ఆసక్తిని చంపదు. రాసిన పేపర్ తిరిగి పిల్ల చేతికి రాకుండా మార్కు మాత్రమే వచ్చి, ఆ మార్కే పిల్లకు ముద్రగా మిగిలితే ఆసక్తి పోతుంది. రాష్ట్ర స్థాయి పరీక్షల్లో ఈ రెండూ జరిగే వీలు ఎక్కువ, కాబట్టి మీ భయం ఉత్తది కాదు. కానీ దీని కోసం బోర్డు మార్చొద్దు. సీబీఎస్ఈలోనూ పదో తరగతి బోర్డు పరీక్ష ఉంది, 2026 నుంచి అది ఏడాదికి రెండుసార్లు. పైగా వాళ్ళు తొమ్మిదిలోనే పిల్లల పేర్లు రిజిస్టర్ చేస్తారు, నేరుగా పదిలో చేరడం చాలా కష్టం. భాషలు, పుస్తకాలు, స్నేహితులు అన్నీ ఒకేసారి మారితే పిల్లకు ఇంకో టెన్షన్ తోడవుతుంది.

ముందు ఆ "ఎగ్జామ్‌కి వస్తుందా" సంగతి చూద్దాం. ఆ మాట అన్నందుకు పిల్లను తిట్టకండి. ఆ ప్రశ్న అడగడం ఆమెకు నేర్పింది మేమే, అంటే పెద్దవాళ్ళం. ఎస్సెస్సెల్సీలో ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు వస్తాయో చెప్పే బ్లూప్రింట్ ఉంటుంది. జూన్‌లో క్లాసులు మొదలవగానే టీచర్లూ పిల్లలూ దాన్నే చూస్తారు. ఇక చదువులో వెనకబడిన పిల్లలకు "పాసింగ్ ప్యాకేజ్" అని ఒకటి ఉంటుంది. కర్ణాటకలో ఏ హైస్కూల్ టీచర్ని అడిగినా చెప్తారు. లెక్కల్లో అయితే థేల్స్ సిద్ధాంతం నిరూపణ, రెండు సమీకరణాల గ్రాఫ్, సగటు, మధ్యగతం, ఇంకొన్ని సూత్రాలు. ఇవి పదే పదే రాయిస్తే గట్టెక్కుతారు. టీచర్ల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. స్కూల్ ఫలితం తగ్గితే ఎందుకు తగ్గిందో రాసివ్వమంటారు. కాబట్టి ఆ ప్యాకేజ్ తయారుచేసే టీచర్ని నేను తప్పుపట్టను.

కానీ ఆ ప్యాకేజ్ పిల్లవాడికి ఏం చెబుతుందో చూడండి. "నువ్వు ఇంతకంటే అర్థం చేసుకోలేవు, ఇది గుర్తుపెట్టుకో చాలు" అంటుంది. మూల్యాంకనంలో నాకు దీని ఫలితం కట్టలు కట్టలుగా కనిపిస్తుంది. నిరూపణ అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది. అదే సిద్ధాంతాన్ని వాడి చేయాల్సిన రెండు మార్కుల లెక్క దగ్గర ఖాళీ. మా క్లాసులో ఒకసారి త్రిభుజానికి ఏబీసీ బదులు పీక్యూఆర్ అని పేరు పెట్టి అదే నిరూపణ అడిగాను. రోజూ తప్పు లేకుండా రాసే పిల్లలు కొందరు పెన్ను కింద పెట్టేశారు. వాళ్ళకు తెలివి లేక కాదు. తొమ్మిది నెలలుగా ఆ బొమ్మలో ఏముందో చూడాల్సిన అవసరం వాళ్ళకు ఎవరూ కల్పించలేదు. అలా పాసైన ఒక అబ్బాయి పీయూసీలో (మన ఇంటర్ లాంటిది) కామర్స్ తీసుకుని, మొదటి టెస్టులోనే లెక్కలు చూసి భయపడి మానేస్తానన్నాడు. "పాసయ్యాను కదా టీచర్, మరి నాకేమీ రాదెందుకు?" అని నన్నే అడిగాడు. ఆ పిల్లవాడి ప్రశ్నకు రాష్ట్రంలో ఎవరైనా జవాబు చెప్పాల్సిందే.

బాగా మార్కులొచ్చే పిల్లలకు ఏమీ కాదనుకోకండి. వాళ్ళ నష్టం వేరే రకం, పైకి కనిపించదు. ఇక్కడ 625కి 625 వస్తే "ఔట్ ఆఫ్ ఔట్" అంటారు, స్కూల్ గేటు ముందు ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ మీద కన్ను పడిన పిల్ల కొత్త రకం లెక్క ముట్టుకోదు. తప్పు వస్తుందేమోనని భయం. సమాధానం ముందే తెలిసిన లెక్కలే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. నా దగ్గర అలాంటి పిల్లలు చాలామంది చదివారు. పీయూసీకి వెళ్ళాక, మొదటిసారి అరవై మార్కులు రాగానే కుప్పకూలిపోయేది ఎక్కువగా వీళ్ళే. మీ అమ్మాయిలో మీరు చూస్తున్న మార్పు ఈ రెండో రకానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తోంది. సైన్సు అంటే ఇష్టపడే పిల్ల హఠాత్తుగా మార్కుల లెక్క వేసుకుని చదవడం మొదలుపెట్టిందంటే ఇష్టం పోయినట్టు కాదు, మార్కుల భయం ఆ ఇష్టాన్ని వెనక్కి నెట్టింది.

మూడో సంగతి భాష. ఇది తెలుగు ఇళ్ళకు బాగా సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఎస్సెస్సెల్సీలో తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలుంది, కానీ నేర్పే టీచర్ ఉన్న స్కూళ్ళు తక్కువ. మన పిల్లలు ఎక్కువమంది కన్నడ, ఇంగ్లిష్ పేపర్లే రాస్తారు. కొన్నేళ్ళ క్రితం కదిరి వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబంలోని అబ్బాయి ఎనిమిదో తరగతి మధ్యలో చేరాడు. బారువడ్డీ పాఠంలో ఇచ్చిన టెస్టులో సున్నా. పేపర్ ముందు పెట్టుకుని ఒక లెక్క తెలుగులో అడిగాను. "ఐదు వేలు అప్పు, రెండు రూపాయల వడ్డీ, పది నెలలు. వడ్డీ ఎంత?" అన్నాను. పెన్ను పట్టకుండానే వెయ్యి అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయలు అంటే ఏమిటో ఆ ఇంట్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఇంగ్లిష్‌లో ఏడాదికి 24 శాతం అని రాసి ఉంటే అది తనకు తెలిసిన విషయమేనని వాడికి తట్టలేదు. పేపర్ మీద పడిన సున్నా వాడి లెక్కలది కాదు, భాషది. కానీ వాడు మాత్రం "నాకు లెక్కలు రావు" అని నిర్ణయించుకుని కూర్చున్నాడు. ఆ నిర్ణయాన్ని మార్చడానికి ఒక ఏడాదంతా పట్టింది.

అందరికీ ఒకే పేపర్ పెడితే న్యాయం అనిపిస్తుంది. పేపర్ ఒకటే కావచ్చు, పిల్లలు దాని దగ్గరికి వచ్చిన దారులు వేరు.

ఇప్పుడు బయటి అనుభవం కొంచెం. ఇంగ్లాండులో జాతీయ పరీక్షలు ప్రవేశపెట్టిన తర్వాత ఏం జరిగిందో చూపే అధ్యయనాలను విన్ హార్లెన్, రూత్ డీకిన్ క్రిక్ అనే పరిశోధకులు 2002లో పరిశీలించారు. ఆ పరీక్షలు రాకముందు పిల్లల చదువు స్థాయికీ, తమ మీద తమకున్న గౌరవానికీ సంబంధం కనిపించలేదు. వచ్చిన తర్వాత, చదువులో వెనకబడిన పిల్లలు తమని తాము తక్కువగా చూసుకోవడం కనిపించింది. అమెరికాలో 2002లో అమలైన చట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడం, లెక్కలు ఈ రెండింటిలో రాష్ట్ర పరీక్షలు పెట్టారు. 2014కల్లా ప్రతి పిల్లా నిర్ణయించిన స్థాయికి చేరాలన్నారు, చేరని స్కూళ్ళ మీద చర్యలు పెట్టారు. చాలా చోట్ల పరీక్ష లేని సబ్జెక్టులకు సమయం తగ్గిపోయింది. 2015లో ఆ చట్టం స్థానంలో ఇంకొకటి తెచ్చుకున్నారు. పరీక్షలైతే పోలేదు, ఆ శిక్షల పద్ధతి సడలింది.

మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా బోర్డు పరీక్ష పాసవ్వాల్సిన అవసరం లేదంది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టే వీలు రాష్ట్రాలకు దొరికింది. కర్ణాటకలో 2023లోనూ, 2024లోనూ ఈ కింది తరగతుల బోర్డు పరీక్షలు కోర్టుల దాకా వెళ్ళాయి. 2024 మార్చి 11న 5, 8, 9 తరగతులకు మొదలై, మరుసటి రోజే సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగి, హైకోర్టు డివిజన్ బెంచ్ అనుమతితో 25న మళ్ళీ మొదలయ్యాయి. ఏప్రిల్‌లో ఫలితాలను సుప్రీంకోర్టు నిలిపేసింది. న్యాయం ఎటు ఉందన్నది నేను ఇక్కడ వాదించను. నేను చూసింది పిల్లల్ని. రెండు పేపర్లు రాసి, మిగతావి ఉన్నాయో లేవో తెలియక రెండు వారాలు కూర్చున్నారు. తర్వాత మిగిలినవి రాశారు, వాటి మార్కులు లెక్కలోకి రావన్నారు. "మరి ఎందుకు చదివాం టీచర్?" అని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగితే ఏ టీచర్ దగ్గరా సమాధానం లేదు. పరీక్ష కష్టంగా ఉంటే పిల్లలు తట్టుకుంటారు. దానికి అర్థం లేదని తెలిస్తే తర్వాత ఏడాది మీ మాట నమ్మరు.

అదే ఏడాది ఎస్సెస్సెల్సీలో హాళ్ళలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. ఉత్తీర్ణత 2023లో 83.89 శాతం ఉంటే, 2024లో 73.40 శాతానికి పడింది. అది కూడా పాసవడానికి కలిపే గ్రేస్ మార్కులు 10 నుంచి 20 శాతానికి పెంచిన తర్వాత. కాపీ ఆపడం మంచిదే, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఆ పిల్లలకు కింది తరగతుల్లో ఏటా "బాగానే ఉంది" అని చెప్పి పంపించి, ఏమీ రాదన్న సంగతి పదో తరగతి మార్చిలో, కెమెరా ముందు తెలిసేలా చేశాం. దాని బాధ్యత పిల్లల మీద వేయడం అన్యాయం.

అందుకే పరీక్షలన్నీ తీసేయాలనే వాదన నాది కాదు. అన్నం ఉడుకుతున్నప్పుడు మెతుకు పట్టి చూస్తాం, ఉడకకపోతే ఇంకాసేపు ఉంచుతాం. పొయ్యి ఆర్పేసి వడ్డించాక చూస్తే తినేవాళ్ళకు తెలుస్తుంది కానీ అన్నానికి ఉపయోగం లేదు. మార్చిలో పెట్టే బోర్డు పరీక్ష ఈ రెండో రకం, వడ్డించాక చూసేది. ఏడాది మధ్యలో ఎఫ్‌ఏ (చిన్న టెస్టులు), ఎస్‌ఏ (టర్మ్ పరీక్షలు) అని పెట్టేవి మొదటి రకంగా ఉండాలి. చాలా స్కూళ్ళలో అవి కూడా మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పనిగా మిగిలిపోయాయి.

పేపర్ దిద్ది ఇవ్వడంలో కూడా ఒక కిటుకు ఉంది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఇజ్రాయెల్ స్కూల్ పిల్లల మీద చేసిన అధ్యయనం మా టీచర్ల శిక్షణలో విన్నాను, తర్వాత క్లాసులో నా కళ్ళతో చూశాను. కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి "ఇక్కడ ఇలా చేసి చూడు" అన్న వ్యాఖ్య మాత్రమే, ఇంకొందరికి రెండూ. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు. రెండూ ఇచ్చినవాళ్ళకు వ్యాఖ్య వల్ల లాభం కలగలేదు. మార్కు కనిపిస్తే పిల్లలు ముందు దాన్నే చూస్తారు, పక్కవాడి మార్కు చూస్తారు, కింద రాసింది చదవరు. నేను ఇప్పుడు క్లాస్ టెస్టు పేపర్లు ముందు మార్కు లేకుండా ఇస్తాను, తప్పులు సరిచేసి తెచ్చాకే మార్కు చెబుతాను. మొదట్లో తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు.

ఇక మీరు ఇంట్లో ఏం చేయగలరో రాస్తాను.

మార్కు అడిగే ముందు పేపర్ అడగండి. ఎస్‌ఏ-1 జవాబు పత్రాలు స్కూల్లో ఉంటాయి, అడిగితే చూపిస్తారు. పోయిన ప్రతి మార్కు పక్కన పిల్ల చేతే రాయించండి. తెలియక పోయిందా, తెలిసీ తొందరలో పోయిందా, ప్రశ్న భాష అర్థం కాలేదా, టైం చాలలేదా. నాలుగింటికి నాలుగు వేరు వేరు మందులు. "ఇంకా బాగా చదువు" అనే సలహా ఏ ఒక్కదానికీ పనిచేయదు. ఈ పని చేసిన పిల్లల ముఖంలో నాకు మొదట కనిపించేది ఊరట. తమకు రానిది మొత్తం సబ్జెక్టు కాదని, ఫలానా చిన్న ముక్క అని వాళ్ళకు తెలుస్తుంది.

మార్కులు లేని పరీక్షలు ఇంట్లో పెట్టుకోనివ్వండి. పాఠం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాయడం. తర్వాత పుస్తకం తెరిచి ఏం వదిలేసిందో చూసుకోవడం. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే ఒకసారి చదివి ఇలా గుర్తుచేసుకున్నవాళ్ళకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఆ కాగితం మీరు దిద్దొద్దు, ఎవరికీ చూపించొద్దు. పరీక్ష అంటే తీర్పు కాదని పిల్లకు అనుభవంలోకి వచ్చేది ఇలాగే.

"ఎగ్జామ్‌కి వస్తుందా" అని అడిగితే నిజం చెప్పండి. వస్తుందంటే వస్తుందని, రాదంటే రాదని. రాని విషయం చదవమని బలవంతం చేస్తే ఇష్టం ఇంకా పోతుంది. దాని బదులు సైన్సులో ఒక్క పని పరీక్షకు సంబంధం లేకుండా ఉంచండి. హై గ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానెటేరియం ఉంది, కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. నెలకు ఒక ఆదివారం తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక "ఏం నేర్చుకున్నావ్?" అని మాత్రం అడగొద్దు, అది కూడా పరీక్షే అయిపోతుంది.

ఎస్సెస్సెల్సీ నియమాలు పిల్లకు ముందే వివరంగా చెప్పండి. చాలా భయం తెలియకపోవడం వల్లే. 2024 నుంచి ఎగ్జామ్-1, 2, 3 అని మూడు అవకాశాలు ఇస్తున్నారు, వచ్చిన వాటిలో ఎక్కువ మార్కులు నిలుపుకోవచ్చు. సప్లిమెంటరీ అనే మాటే తీసేశారు. 2025-26 నుంచి 625కి 206, ఒక్కో సబ్జెక్టులో కనీసం 30 శాతం వస్తే పాస్. ఎగ్జామ్-2 ఉందిలే అని కొంతమంది మగపిల్లలు మొదటిదాన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు, అది నిజమే. అయినా ఒక్క మార్చి నెలతో బతుకు ముగిసిందనుకునే పిల్లల్ని గుర్తు తెచ్చుకుంటే, ఈ మార్పు నేను సర్వీసులో చూసిన వాటిలో చాలా మంచిది. ఫలితం వచ్చాక జవాబు పత్రం స్కాన్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా చెప్పండి.

ఇంట్లో చుట్టాల ముందు మార్కుల ప్రస్తావన ఆపేయండి. పెళ్ళిళ్ళలో, ఫోన్లలో "మా వాడికి 98, మీ పాపకెంత?" అనే మాట మన ఇళ్ళల్లో పలకరింపు అయిపోయింది. పిల్ల పక్కనే ఉన్నప్పుడు మీరు "బాగా చదువుతోందండీ" అని ముగించేయండి. ఆమె వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. పరీక్ష రోజుల్లో కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం, "నేను దేనికీ పనికిరాను" లాంటి మాటలు వారాల తరబడి కనిపిస్తే అది చదువు సమస్య అనుకుని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ చేయడానికి పిల్ల పరిస్థితి విషమించే దాకా ఆగాల్సిన పని లేదు.

ఈ వారం స్కూల్‌కి వెళ్ళి ఆమె లెక్కల, సైన్సు ఎస్‌ఏ-1 పేపర్లు చూడండి. నేను పైన చెప్పిన నాలుగు రకాల్లో ఏ రకం తప్పులు ఎక్కువున్నాయో, ఏ పాఠాల్లో ఉన్నాయో ఇక్కడే రాయండి. భాష వల్ల పోయిన మార్కులుంటే ఆ ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, తెలుగులో ఎలా వివరించాలో చెబుతాను.